ప్లంబరు మొహమాటం

ఒక ఇంటికి ప్లంబరు వస్తాడు. ఇంటావిడ అతనికి చూపించేది కారుతున్న కుళాయిని కాదు, చనిపోయిన పసిబిడ్డని. బాగుచెయ్యమంటుంది. అతను ఇబ్బందిగా కదులుతాడు. ఇది నా పని కాదండీ అన్నట్టు ఏదో నసుగుతాడు. ఆవిడ గుండెలు బాదుకోదు, నచ్చజెబుతుంది. లోపల ఉండేవి కూడా గొట్టాలేగా అన్న ధోరణిలో మాట్లాడుతుంది, డబ్బు ఎక్కువిస్తానంటుంది. కాసేపటికి అతను సరేనని పనిలోకి దిగుతాడు.

ఇది కామెడీ ప్రోగ్రాంలో వచ్చిన స్కెచ్. ఆ ప్రోగ్రాం పేరు 'జామ్'. 2000 మార్చి, ఏప్రిల్ నెలల్లో బ్రిటన్‌లో ఛానల్ 4 వాళ్ళు వేశారు. మొత్తం ఆరే ఎపిసోడ్లు. తీసినవాడు క్రిస్ మోరిస్. యూట్యూబులో ఉత్తినే 'జామ్' అని కొడితే ట్రాఫిక్ జామ్‌లూ, రొట్టె మీద పూసుకునే జామ్ తయారీలూ వస్తాయి. పక్కన మోరిస్ పేరు కూడా కొట్టాలి. కొట్టేముందు ఒకసారి ఆలోచించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు, ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళు చూడకపోయినా నష్టం లేదు.

నేను మొదటిసారి చూసింది 2009లో, ఇంగ్లండ్‌లో లెస్టర్ అనే ఊళ్ళో ఎమ్మెస్సీ చదివేటప్పుడు. ఇంట్లో ఐదుగురం. నలుగురం తెలుగువాళ్ళం, ఒకడు ఇంగ్లిష్ కుర్రాడు. మేం వండిన పప్పుచారు వాడు గిన్నెలకి గిన్నెలు తాగేవాడు, బదులుగా తన డీవీడీలు చూపించేవాడు. ఒక శనివారం రాత్రి ఇది పెట్టాడు. పదినిమిషాలకి మావాళ్ళలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మూడోవాడు కూర్చున్నాడు గానీ ఫోన్ తీశాడు. నేను మాత్రం కదల్లేదు. ప్లంబరు స్కెచ్‌లో ఒకచోట నవ్వొచ్చింది. వెంటనే పక్కకి చూశాను, ఎవరైనా గమనించారా అని.

మర్నాడు వంటింట్లో గొడవ. "చచ్చిపోయిన పిల్ల మీద జోకులేంట్రా, వీళ్ళకి బుద్ధుందా" అన్నాడు మావాడు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. "ఆర్ట్‌రా అది" లాంటి పనికిమాలిన మాటేదో అని ఊరుకున్నాను. ఆ జవాబు చెప్పుకోవడానికే ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తున్నాను.

నేననేది ఏంటంటే, అందులో జోకు పిల్ల మీద కాదు. తల్లి మీద కూడా కాదు. జోకు ప్లంబరు మీద, అతని మొహమాటం మీద. ఒక మనిషి ఇంటికొచ్చి, చూడకూడనిది చూసి, పారిపోవాల్సిన చోట పారిపోకుండా, ఇంటావిడ అడిగింది కదా, కాదంటే బాగోదేమో అని పానా తియ్యడం. 'జామ్'లో మంచి స్కెచ్‌లన్నీ ఇంతే. జనం దాన్ని క్రూరమైన కామెడీ అంటారు. నాకది మొహమాటం మీద తీసిన కామెడీ అనిపిస్తుంది. మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత మనకుంది. అంతకంటే దూరం వెళ్తే ఏమవుతుందో మోరిస్ తీసి చూపించాడు.

ఇంతకీ ఎవరీ మోరిస్? రేడియో నుంచి వచ్చినవాడు. 1991లో బీబీసీ రేడియో 4లో 'ఆన్ ది అవర్' అని వార్తల మీద పేరడీ చేశాడు. అదే 1994లో 'ది డే టుడే' అయి టీవీకెక్కింది. 1997లో ఛానల్ 4లో 'బ్రాస్ ఐ'. అందులో 'కేక్' అని లేని మత్తుమందొకటి సృష్టించి, దానికి వ్యతిరేకంగా సెలబ్రిటీల చేత గంభీరంగా మాట్లాడించాడు. డేవిడ్ ఆమెస్ అనే ఎంపీ ఏకంగా పార్లమెంటులోనే దాని గురించి ప్రశ్న వేశాడు. 2001లో పిల్లల మీద లైంగిక నేరాల గురించి మీడియా చేసే హడావుడిని ఎగతాళి చేస్తూ 'బ్రాస్ ఐ' స్పెషల్ తీస్తే దేశమంతా గగ్గోలు, వేలల్లో ఫిర్యాదులు. మోరిస్ పేరు చెబితే అందరూ తలుచుకునేది ఇవే. వీటిలో ఎవరిని వెక్కిరిస్తున్నాడో స్పష్టంగా తెలుస్తుంది. టీవీ యాంకరునీ, రాజకీయ నాయకుడినీ, తెలియని విషయం మీద మాట్లాడే పెద్దమనిషినీ. చూసేవాడు హాయిగా మోరిస్ పక్షాన కూర్చుని నవ్వుకోవచ్చు.

'జామ్'లో ఆ సుఖం లేదు. కూర్చోడానికి పక్షమే లేదు.

దీనికి మూలం కూడా రేడియోనే. 1997 నవంబరులో బీబీసీ రేడియో 1లో, అంటే కుర్రకారు పాటలు వినే స్టేషన్‌లో, అర్ధరాత్రి దాటాక 'బ్లూ జామ్' మొదలైంది. 1999 దాకా మూడు సీరీస్‌లు. మెల్లగా సాగే మత్తు సంగీతం, దాని మధ్యలో గొంతు పెంచకుండా మాట్లాడుకునే మనుషులు. పాట ఎక్కడ ఆగి స్కెచ్ ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. సగం నిద్రలో వింటే కలేమో అనిపిస్తుంది. ఒకసారి యువరాణి డయానా అంత్యక్రియల్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండ్ చర్చి పెద్ద, చేసిన ప్రసంగాన్ని ముక్కలు కోసి, మాటలు మార్చి అతికించి వేస్తే, ప్రసారం మధ్యలోనే స్టేషన్‌వాళ్ళు కట్ చేసి వేరే ఎపిసోడ్ వేశారు.

టీవీకి తెచ్చేటప్పుడు మోరిస్ చేసిన పని నాకు భలే నచ్చుతుంది. కొన్ని స్కెచ్‌లకి కొత్తగా డైలాగులు రికార్డు చెయ్యలేదు. రేడియోలో వచ్చిన మాటలే వేసి, నటుల చేత పెదాలు కదిలించాడు. మనకి డబ్బింగ్ సినిమాలు అలవాటే కాబట్టి పెదవికీ మాటకీ మధ్య ఆ వెంట్రుకవాసి తేడా మన కంటికి తొందరగా చిక్కుతుంది. మనిషి ఇక్కడే ఉన్నాడు, గొంతు మాత్రం ఎక్కణ్ణుంచో వస్తోంది. దానికి తోడు బొమ్మ మసకబారుతుంది, నెమ్మదిస్తుంది, ఒక్కోసారి నిఘా కెమెరా ఫుటేజీలా పైమూల నుంచి కనిపిస్తుంది. ఛానల్ 4 ప్రకటనల మీద బతికే ఛానలే, అయినా దీనికి మధ్యలో ప్రకటనల విరామం ఇవ్వలేదు. చివర్లో పేర్లు కూడా వెయ్యలేదు, ఒక వెబ్‌సైటు అడ్రసు చూపించి ఊరుకున్నారు. లేచి టీ పెట్టుకునే సందు లేదు. నటుల పేర్లు చదువుతూ 'హమ్మయ్య, ఇదంతా నటనే' అని ఊపిరి పీల్చుకునే అవకాశమూ లేదు. ఇది చాలదన్నట్టు అదే కార్యక్రమాన్ని శబ్దం, బొమ్మ మరింత వక్రంగా మార్చి, పేరులో 'ఆ'లు సాగదీసి, ఇంకా పొద్దుపోయాక మళ్ళీ వేశారు. అది చూసి నేను పది నిమిషాలకి మించి తట్టుకోలేకపోయాను. అది కేవలం పైత్యం.

నవ్వుల సంగతికి వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

బీబీసీలో 'మాంటీ పైథాన్' అని పేరున్న కామెడీ షో వచ్చేది. 1970 డిసెంబరులో దాని రెండో సీరీస్ చివరి ఎపిసోడ్‌లో ఒక స్కెచ్ ఉంది. ఒకడు చనిపోయిన తల్లిని సంచిలో వేసుకుని అంత్యక్రియలు చేసే కొట్టుకి వస్తాడు. పూడ్చాలా, కాల్చాలా అనే చర్చ కాస్తా వండుకు తినడం దాకా వెళ్తుంది. బీబీసీ దీన్ని ఒక షరతు మీద ఒప్పుకుంది. స్టూడియోలో ప్రేక్షకులు ఛీకొట్టాలి, చివర్లో కోపంతో స్టేజి మీదికి దూసుకురావాలి. అలాగే చేశారు. అంటే అంత ఘోరమైన జోకు వెయ్యొచ్చు, కానీ 'ఇది తప్పు' అని అక్కడికక్కడే ఎవరో ఒకరు మన తరఫున అనాలి. ఆ కోపం ముందే మాట్లాడిపెట్టుకున్నదే. అయినా మనసుకి ఊరట. మన పని వాళ్ళు చేసేశారు, ఇక మనం నవ్వుకోవచ్చు.

జోకు వెనకాల వినిపించే నవ్వుల ట్రాక్ అయినా, స్టూడియో జనం అయినా చేసేది ఇదే. నవ్వొచ్చని లైసెన్స్ ఇస్తారు. మన తెలుగు టీవీ కామెడీ షోలే తీసుకోండి. పంచ్ పడగానే కెమెరా జడ్జిల మీదికి వెళ్తుంది. వాళ్ళు కుర్చీలోంచి పడిపోయేలా నవ్వుతారు, కళ్ళు తుడుచుకుంటారు. జోకు భార్య నల్లగా ఉందనో, ఒకడు ఆడవేషంలో వచ్చాడనో, ఒకడికి నత్తి అనో. జడ్జి నవ్వాడు కాబట్టి మా ఇంట్లో వాళ్ళూ నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది, అబద్ధమెందుకు. కానీ నవ్వాక ఎవరూ పక్కవాళ్ళ మొహం చూడరు. నన్నడిగితే క్రూరత్వం అక్కడుంది. నత్తివాడు ఆ షో చూస్తున్నాడేమో అన్న ఆలోచన రాకుండా చూసుకోవడమే ఆ నవ్వుల పని.

బ్రిటిష్ టీవీలో నవ్వుల ట్రాక్ తీసెయ్యడం మోరిస్ కనిపెట్టిందేమీ కాదు. 1998లో వచ్చిన 'ది రాయిల్ ఫ్యామిలీ' అనే కామెడీ సీరియల్లోనే లేదు. 'ది లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్' అనే ఇంకో కామెడీవాళ్ళు రెండు సీరీస్‌లు నవ్వులతో నడిపి 2002లో మూడోదానికి తీసేశారు. కానీ వాటిలో నవ్వు తీసేసినా కథ ఉంది, పాత్రలున్నాయి, పట్టుకోడానికి ఒక ఊరో ఇల్లో ఉంది. మోరిస్ అవి కూడా తీసేశాడు. నవ్వాలో వద్దో మనల్నే తేల్చుకోమన్నాడు. నవ్వితే ఆ నవ్వుకి పూచీ మనదే. లెస్టర్‌లో నేను పక్కకి చూసింది అందుకే.

నటుల సంగతి చెప్పకపోతే పాపం. మార్క్ హీప్, కెవిన్ ఎల్డన్, అమీలియా బుల్‌మోర్, జూలియా డేవిస్, డేవిడ్ కాన్. ఒక్కరూ ఓవరాక్షన్ చెయ్యరు. కామెడీ చేస్తున్నామన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది. జూలియా డేవిస్ గొంతైతే కరెంటాఫీసులో కంప్లయింటు రాసుకునే అమ్మాయి గొంతు. ఏ ఘోరం చెప్పినా "సరేనండీ" అన్నట్టుంటుంది. తర్వాత 2004లో ఆమె సొంతంగా రాసిన 'నైటీ నైట్' సీరియల్ మొత్తం ఆ గొంతు మీదే నడిచింది. రచనలో మోరిస్‌తో పాటు ముఖ్యంగా పీటర్ బేన్‌హామ్ చెయ్యి ఉంది, నటులూ తలో చెయ్యి వేశారు.

ఇంకో స్కెచ్. ఒకతను చనిపోదామనుకుంటాడు. నలభయ్యో అంతస్తు నుంచి ఒకేసారి దూకితే మధ్యలో మనసు మారినా లాభం ఉండదు కదా, అందుకని మొదటి అంతస్తు నుంచి నలభైసార్లు దూకుతాడు. అంతే కథ. చెప్పేవాళ్ళు మామూలుగా, పక్కింటి గోడ సంగతి చెప్పినట్టు చెప్తారు. ఇది ఆత్మహత్య మీద జోకని తిట్టేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది లెక్క. మనసు మారొచ్చు అని వదులుకోని ఆశ ఒకటి, దాని పక్కనే ప్రతిసారీ లేచి మెట్లెక్కి రావడం. ఆ మెట్లెక్కడమే నన్ను ఇప్పటికీ వదల్లేదు. అతను నలభైసార్లు మెట్లెక్కుతుంటే ఎవరూ ఎదురురాలేదా? వచ్చినవాళ్ళు ఏమన్నారు? పక్కకి జరిగి దారిచ్చి ఉంటారు. మొహమాటం.

అన్నీ ఇలాంటివే అంటే అబద్ధం. మూడోవంతు స్కెచ్‌లు నాకు దండగ అనిపిస్తాయి. ఎవడో బట్టలిప్పుకుని తిరగడం, శృంగారంలో వెకిలితనం, చూసేవాణ్ణి ఉలిక్కిపడేలా చెయ్యడం తప్ప వేరే పనిలేనివి. ఉలికిపాటు అగ్గిపుల్ల లాంటిది, రెండోసారి వెలగదు. ఆరు ఎపిసోడ్లు వరుసగా చూస్తే నాలుగోదానికల్లా మనసు మొద్దుబారుతుంది. అప్పుడు ఏది చూసినా ఒకటే. వారానికొకటి చొప్పున, రాత్రి పూట, తర్వాతది దొరుకుతుందో లేదో తెలియకుండా చూడాల్సినది అది. ఇప్పటి పద్ధతిలో ఒకే ఆదివారం ఆరూ లాగించేస్తే దానికి అన్యాయం చేసినట్టే. టీవీలోంచి బల్లులు వచ్చిపడే స్కెచ్ మాత్రం ఎన్నిసార్లయినా చూస్తాను. మా అమ్మకి బల్లి అంటే ఎంత భయమో తెలిసినవాణ్ణి కాబట్టి కావచ్చు. మందబుద్ధులని వాదనలకి అద్దెకి పంపే ఆవిడ స్కెచ్ కూడా. ఓడిపోయామని అర్థంకాదు కాబట్టి వాళ్ళు ఎప్పుడూ గెలుస్తారు. ఫేస్‌బుక్ పుట్టకముందు రాసిన స్కెచ్ అది.

ఇదంతా 2009లో నాకు తోచలేదు. తోచింది పదేళ్ళ తర్వాత, ఇండియాకి వచ్చేశాక, నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు.

ఏ ఆసుపత్రి అన్నది అనవసరం. పదకొండు రోజులు. రోజూ సాయంత్రం ఐదింటికి కౌన్సెలింగ్ అని ఒకటి ఉంటుంది. బెడ్ నంబరు మైకులో పిలుస్తారు, "బెడ్ నంబర్ ఫోర్టీన్ అటెండర్స్" అని. లోపల గాజుగోడల గది, మూడు కుర్చీలు, టేబుల్ మీద టిష్యూల డబ్బా. డబ్బాలోంచి ఒక టిష్యూ ఎప్పుడూ సగం బయటికి లాగి ఉండేది, ఏడవబోయేవాళ్ళకి వీలుగా. డ్యూటీ డాక్టరు చిన్న కుర్రాడు. ఎంతో మర్యాదస్తుడు. ఏనాడూ విసుక్కోలేదు. ఎనిమిదో రోజు ఇలా అన్నాడు.

"పారామీటర్స్ అన్నీ మెయింటెయిన్ అవుతున్నాయి సర్."

మా బావ అడిగాడు. "అంటే బాగున్నట్టేనా డాక్టర్‌గారూ?"

"బాగున్నారని కాదండి. మెయింటెయిన్ అవుతున్నారు."

"మరి స్పృహ వస్తుందంటారా?"

"స్పృహ అన్నది సెపరేట్ అండి. అది పక్కన పెడితే, పేషెంట్ స్టేబుల్."

మా బావ తలూపాడు. అక్క తలూపింది. నేనూ తలూపి, "థాంక్యూ డాక్టర్" అన్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా థాంక్యూ అన్నాను, ఎందుకంటే ఆయన అంత శాంతంగా చెప్పాడు, బయట బెడ్ నంబర్ ఫిఫ్టీన్‌వాళ్ళు నిలబడి ఉన్నారు. లేచి అడగాల్సింది. అసలు నాన్న బతికే ఉన్నాడా, ఈ మిషన్ ఆపితే ఏమవుతుంది, ఇంకెన్నాళ్ళు అని. అడిగితే బాగోదేమో అనుకున్నాం. చదువుకున్న డాక్టరు కదా, నొచ్చుకుంటాడేమో అనుకున్నాం. మా నాన్న పోతున్నాడు, మేం డాక్టరు నొచ్చుకుంటాడని చూసుకుంటున్నాం.

మెట్లు దిగుతుంటే 'జామ్'లో డాక్టరు గుర్తొచ్చాడు. అందులో ఒక డాక్టరు ఒకావిడకి చెప్తాడు, మీ ఆయన లక్షణాలు లేని కోమాలో ఉన్నారని. పైకి ఏ తేడా కనిపించదు, కానీ కోమానే. డాక్టరు గొంతులో అనుమానం లేదు, ఓపిక ఉంది. ఆ ఓపికే భయపెడుతుంది. ఇక్కడ మా సంగతి తిరగేసి ఉంది. స్పృహ లేదు, కదలిక లేదు, కానీ స్టేబుల్. మెట్ల మలుపులో నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. "ఏంట్రా" అంది అక్క. "నాన్నని మెయింటెయిన్ చేస్తున్నారట" అన్నాను. అది ఒక్క క్షణం నన్ను కొట్టేలా చూసింది. తర్వాత దానికీ వచ్చింది. రెయిలింగు పట్టుకుని ఇద్దరం నవ్వాం. కింద నుంచి ట్రాలీ తోసుకొస్తున్న ఆయా మమ్మల్ని చూసి పాపం అన్నట్టు మొహం పెట్టి పక్కకి తప్పుకుంది. ఏడుస్తున్నామనుకుని ఉంటుంది. ఏడవలేక నవ్వడం అంటారు చూడండి, ఆ మాట ఎవరు పుట్టించారో గానీ ఇలాంటి మెట్ల మీదే పుట్టించి ఉంటారు.

కాబట్టి చావు మీద నవ్వడం మన సంస్కృతి కాదనే మాట నేను ఒప్పుకోను. "చచ్చినవాడి పెళ్ళికి వచ్చిందే కట్నం" అన్న భాష మనది. "అత్త చచ్చిన ఆరు మాసాలకి కోడలి కంట నీరొచ్చింది" అన్నదీ మనమే. శవం లేచేదాకా అరుగు మీద కూర్చున్న ముసలాళ్ళు చెప్పుకునే కబుర్లు విన్నవాడెవడైనా మోరిస్‌ని చూసి మరీ అంత ఉలిక్కిపడడు. అయితే ఒక తేడా ఉంది, అది కప్పిపుచ్చను. అరుగు మీద నవ్వేవాళ్ళు పోయినవాణ్ణి ఎరిగినవాళ్ళు. రేపు పాడె మోసేదీ వాళ్ళే. ఆ నవ్వు హక్కు వాళ్ళు సంపాదించుకున్నది. మోరిస్ స్కెచ్‌లో బిడ్డ ఎవరి బిడ్డా కాదు. లెస్టర్‌లో నాక్కూడా ఎవరూ పోలేదు అప్పటికి. ఊరికే నవ్వాను. ఈ విషయంలో మాత్రం మావాడు ఆ రోజు వంటింట్లో అన్నమాటలో నిజం ఉందని ఇప్పుడనిపిస్తుంది. లేచి వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకడి చెల్లెలు చిన్నప్పుడే పోయిందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. వాడు ఆ రాత్రి ఏమీ అనకుండా, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి వెళ్ళాడు. మేం ఇబ్బంది పడతామని.

నాన్న పదకొండో రోజు పోయారు. డబ్బు కట్టేదాకా కాగితాలు రావన్నారు, అది మామూలే. పెద్దకర్మ కాకముందే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా సేవలు మీకు ఎలా అనిపించాయి, ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యండి అని. చెరిపెయ్యబోతే అక్క ఫోన్ లాక్కుంది. చాలాసేపు చూసి, నాలుగు వేసింది.

"నాలుగేంటే?"

"ఆ డాక్టరబ్బాయి మంచోడురా."

ఏడాది తర్వాత సంవత్సరీకాలకి వెళ్ళినప్పుడు, అందరూ పడుకున్నాక, దానికి ఆ కోమా స్కెచ్ ఫోన్‌లో చూపించాను. ఇంగ్లిష్ యాస అర్థంకాక మధ్యమధ్యలో నన్నడుగుతూ చూసింది. నవ్వలేదు. అయిపోయాక ఫోన్ నాకివ్వకుండా పట్టుకుని అలాగే కూర్చుంది.

"చివర్లో ఆవిడ థాంక్స్ చెప్పిందా డాక్టరుకి?"

నేను గమనించలేదు. వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాం.